ఉన్నత పాఠశాలలు - ప్రజారక్షణ విద్య

కానిస్టేబులు ఉద్యోగములకు ప్రకటన వెలువడినది మొదలు మన పట్టణములలోని మైదానములు తెల్లవారక పూర్వమే నిండిపోవుట పాఠకులు ఏటేట చూచుచున్నదే. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చి అద్దెగదులలో నలుగురైదుగురు చొప్పున తలదాచుకొను యువకులు, ఇటీవల యువతులును, చీకటితో లేచి పరుగులు తీయుదురు, దూరము దుముకుదురు, ఇనుపగుండు విసరుదురు. ప్రొద్దెక్కిన పిమ్మట కోచింగు సెంటరులో బల్లలపై ఇఱుకుకొని కూర్చుండి లెక్కలును, తర్కమును, దేశముల రాజధానులును వల్లించుదురు. వీరి ఫీజులకు తల్లులు డ్వాక్రా సంఘములలో అప్పులు తెచ్చి యుందురు. కౌలు సేద్యమున మిగిలిన నాలుగు రూపాయలు తండ్రి పంపుచుండును. ఉద్యోగము దొరికినవాడు అదృష్టవంతుడు. దొరకనివాడు మఱియొక ప్రకటనకై మూడేండ్లు కాచియుండును. ఈ యువజనుల పట్టుదలను చూచి మెచ్చుకొననివాడు లేడు. కాని యీ పరుగులకును, ఈ వల్లెవేతకును, రేపు వీరు మోయబోవు బాధ్యతకును గల సంబంధమేమని అడుగువాడును కానరాడు.

పరీక్షలో ఏమి చూచుచున్నారు? ఎత్తు, ఱొమ్ము, పరుగు, పిమ్మట కాగితముపై నాలుగు జవాబులలో సరియైన దానికి గుఱుతు పెట్టుట. రాజ్యాంగమును గూర్చిన ప్రశ్నలు అందు లేకపోలేదు. అవియు గుఱుతు పెట్టుటకే పనికివచ్చును. ఈతవచ్చునా యని యడుగరు. నెత్తురు కారుచున్న మనుష్యుని ఎట్లు పట్టుకొనవలెనో ఎఱుగుదువా యని యడుగరు. వేయిమంది ఒక ఇఱుకు ద్వారమువైపు త్రోసికొని వచ్చుచుండగా ముందు నిలిచి యేమి చేయుదువని యడుగరు. ఇవి యన్నియు ఉద్యోగము దొరికిన తరువాత శిక్షణాలయమున నేర్పెదమందురు. నేర్పుచున్నారు కూడ. అయితే కొన్ని నెలలలో నేర్పునది పదునాలుగేండ్ల ప్రాయమున అలవడు శీలమునకు ప్రత్యామ్నాయము కాజాలదు. శరీరమునకే కాజాలదు. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఝార్ఖండు రాష్ట్రమున ఆబ్కారి కానిస్టేబులు ఎంపికకు పది కిలోమీటర్ల పరుగు పెట్టగా పదిమందికి మించి అభ్యర్థులు ప్రాణములు గోల్పోయిరి. పరుగు పెట్టినవారి తప్పెంతయో ఎండ తప్పెంతయో ఆ ప్రభుత్వము తేల్చుకొనవలసినదే. మనకు కనుపించునది వేఱు. బడిలో ఆటస్థలము లేక, డ్రిల్లు మాస్టరు లేక, వ్యాయామపు గంటను గూడ లెక్కల ఉపాధ్యాయునికి ధారపోసి, ఇరువదియవ యేట ఒక్కమాఱుగా దేహమునుండి అంతటిని రాబట్టబూనుట క్రూరత్వము.

ప్రజల ప్రాణమానములను కాపాడు వృత్తులకు, అనగా పోలీసు, అగ్నిమాపక దళము, ఆంబులెన్సు, వఱదలలో తుపానులలో సాహాయ్యము చేయు బలగములు మున్నగువానికి, విద్యార్థులను సిద్ధపఱచు పని ఉన్నత పాఠశాలదే. ఎనిమిదవ తరగతి మొదలు ఇంటర్మీడియెట్ ముగియువఱకు గల యైదేండ్లు అందుకు తగిన కాలము. దీనిని అంగడులలో దొరకు మూడునెలల శిక్షణకు విడిచిపెట్టి మనము ఊరకుండుట వలన ఆ యువజనులకే కాక, ఊరికి ఊరంతకును నష్టము వాటిల్లుచున్నది.

ఇట్లనగానే మన పట్టణములలోని పెద్దమనుష్యులు పెదవి విఱుతురు. కుమారుడు ఇంజనీరు కావలెను, లేనిచో డాక్టరు కావలెను; ఏమియు కాలేనివాడు జవాను కావలెను. ఇదియే కదా మన యిండ్లలోని లెక్క! పోలీసు బలగములో నూటికి ఎనుబదిమందికి పైగా కానిస్టేబుళ్లును హెడ్డు కానిస్టేబుళ్లునే. అర్ధరాత్రమున మన తలుపు తట్టువాడును, మన ఫిర్యాదు మొదట వినువాడును, కూడలిలో మన పిల్లను రోడ్డు దాటించువాడును అతడే. అట్టివాని చదువును గూర్చి ఇంత ఉపేక్ష ఏల? తన కుమారుడు ఆ పనికి పోడని నిశ్చయించుకొన్న గృహస్థుడు, ఆ పనికి పోవు పరుల కుమారుడు ఎట్లు తయారగుచున్నాడో విచారింపడు. ఆ కుమారుడు చేయి చేసికొన్ననాడు మాత్రము పత్రికకు ఉత్తరము వ్రాయును.

ఈ తిరస్కారమునకు ఒక చరిత్ర గలదు. చెన్నపురి రాజధానిలో శిస్తు వసూలుకై రైతులను హింసించుచున్నారను ఆరోపణలపై విచారణ సంఘమొకటి కూర్చుండి 1855లో తన నివేదికను సమర్పించెను. ఆ నివేదిక చదివినవారికి నేటికిని ఒడలు గగుర్పొడుచును. దాని పిమ్మట వచ్చినదే 1859 నాటి 24వ చట్టము, మద్రాసు జిల్లాల పోలీసు చట్టము. 1861లో తక్కిన దేశమునకు 5వ చట్టము వచ్చెను. ఐర్లండులోని కాన్‌స్టేబులరీ వీరికి ఆదర్శము. పరాయి ప్రభుత్వము అణచి యుంచదలచిన ప్రజల నడుమ నిలుపుటకు ఏర్పడిన బలగమది. అందు క్రింది భటునికి ఆజ్ఞ పాటించుట తప్ప ఆలోచించుట విధింపబడలేదు. తక్కువ జీతము, ఎక్కువ భయము, చేతిలో కఱ్ఱ: ఇంతియే యతని సామగ్రి. 1947లో జెండా మాఱెను. చట్టములు కాలక్రమమున కొన్ని మాఱినవి. సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో డి.కె. బసు వ్యాజ్యమున నిర్బంధ సమయములందు పాటింపవలసిన నియమములను విధించెను. 2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున పోలీసు వ్యవస్థను సంస్కరింపుడని ఏడు ఆదేశములిచ్చెను. తీర్పులు వచ్చినవి, తీర్పుల ప్రతులు గోడలపై అంటింపబడినవి. స్టేషనులోని మనుష్యుడు ఆ తీర్పును హృదయమునకు ఎక్కించుకొని యుండవలయునన్నచో, అతడు స్టేషనుకు రాకముందే ఆ పని జరిగి యుండవలెను.

న్యాయస్థానములలో తిరుగువారికి ఇది ప్రతిదినము అనుభవమే. నిర్బంధింపబడినవానికి కారణము చెప్పవలెననియు, ఇరువది నాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెననియు రాజ్యాంగము 22వ అధికరణమున చెప్పుచున్నది. అసాధారణ పరిస్థితులలో తప్ప సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వఱకు స్త్రీని అరెస్టు చేయరాదని శాసనము చెప్పుచున్నది. ఇవి తొమ్మిదవ తరగతి విద్యార్థికి అర్థముకాని బ్రహ్మవిద్యలా? తన అన్నను, తన పొరుగువానిని మనసులో ఉంచుకొని చదివిన బాలునికి ఇవి సూత్రములుగా కాక న్యాయముగా తోచును. ఖాకీ తొడిగిన పిమ్మట మొదటిమాఱు చదివినవానికి ఇవే తన పనికి అడ్డుపడు చిక్కులుగా తోచును. ఒక్కటే వాక్యము, చదివిన వయస్సునుబట్టి అర్థము తలక్రిందులగుచున్నది.

మన జాతీయోద్యమము ఈ ప్రశ్నకు తన జవాబు తాను చెప్పియున్నది, మఱచినవారము మనము. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు గాంధీ మహాత్ముని దర్శనార్థము వేలకొలది జనము వచ్చిపడిరి. ఆ జనసముద్రమును అదుపున ఉంచుటకు నిలిచినది సర్కారు పోలీసు కాదు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు కూర్చిన రామదండు. కాషాయవస్త్రములు ధరించిన ఆ యువకులు త్రోవలు చూపిరి, నీళ్లందించిరి, త్రొక్కిడి కాకుండ కాచిరి. చీరాల-పేరాల ప్రజలు పురపాలక పన్నులకు లొంగక ఊరు విడిచి రామనగరున పాకలు వేసికొని నెలల తరబడి నివసించినప్పుడును వారికి అండగా నిలిచినది ఈ దండే. గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినవారు. ఆ పట్టముతో ఏ పెద్ద కొలువులోనైనను కుదురుకొనియుండవచ్చును. స్వరాజ్యము వచ్చిననాడు జనమును కాపాడువాడు ఎట్లుండవలెనో ముందే చేసి చూపవలెనని ఆయన తలచెను గనుకనే పల్లె యువకులకు కవాతు నేర్పుటకు పూనుకొనెను.

1923లో కాకినాడ కాంగ్రెసు. డాక్టరు హార్డీకరుగారి హిందూస్థానీ సేవాదళము పుట్టినది ఆ సభలలోనే. అక్కడి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున వాలంటీరుగా నిలిచిన పదునాలుగేండ్ల బాలిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారిని లోనికి పోనీయలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతనే దారి ఇచ్చెను. ఆ బాలిక మన దుర్గాబాయమ్మగారే. పిమ్మట న్యాయవాది యయి, రాజ్యాంగ సభలో కూర్చుండి, ఆంధ్రమహిళాసభను నెలకొల్పిన మహనీయురాలు. ఈ కథను మన ఉపన్యాసకులు నెహ్రూగారి ఔదార్యమునకు దృష్టాంతముగా చెప్పుట పరిపాటి. మేము దానిని వేఱుగా చదువుదుము. ఆ పిల్లకు అప్పగింపబడిన నియమము ఒకటి. ఎదుటివాడు ఎంతటివాడో ఆమె చూడలేదు. గొంతెత్తలేదు, చేయెత్తలేదు, త్రోవ విడువలేదు. నేటి మన కూడలులలో ఎఱ్ఱదీపము దాటిపోవు కారులో ఎవరున్నారో తొంగిచూచి పిదప ఈల ఊదు భటుని తలచుకొనుడు. ఆ బాలిక యే శిక్షణాలయమునను చదువలేదు. పదునాలుగవ యేట బాధ్యత చేతికిచ్చినవారు ఆమెకు లభించిరి. అంతే.

ఇక మన తెలుగునేలకు వచ్చు ఆపదలను తలచుకొందము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకొనెను. 1977 నవంబరు 19న దివిసీమపై పడిన ఉప్పెనలో ప్రభుత్వపు లెక్కప్రకారమే పదివేలకు పైగా చనిపోయిరి. ఊళ్లు ఊళ్లే తుడిచిపెట్టుకొని పోయినవి. 1990 మే నెలలో అదే తీరమున అంతటి గాలివాన వచ్చెను. ఈసారి ముందుగా హెచ్చరించి లక్షల జనమును తరలించుటచేత మృతుల సంఖ్య వేయిలోపున ఆగెను. రెంటికిని నడుమ గడచినది పదుమూడేండ్లే. సముద్రము మాఱలేదు, గాలి మాఱలేదు, మనుష్యులు సిద్ధపడిరి. ఆ సిద్ధపాటులో ఇల్లిల్లు తిరిగి ముదుసళ్లను, గర్భిణీస్త్రీలను ఒప్పించి బండ్లెక్కించు పని యున్నదే, అది ఏ వైర్‌లెస్సును చేయజాలదు. ఊరి సందులు తెలిసిన, ఊరివారు మాట వినునట్టి యువజనులు చేయవలసినదది. ఏ యింట మంచముపట్టిన ముసలమ్మ యున్నదో, ఏ యింటివారు పశువులను విడిచి రారో, పదవ తరగతి పిల్లవానికి తెలిసినట్లు తాసిల్దారునకు తెలియదు.

నదులును మనవే. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవుచున్న పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగినప్పుడు 26 మంది బ్రదికిరి, సుమారు 50 మంది మడిసిరి. ఆ బ్రదికినవారిని ఒడ్డు చేర్చినది ఏ బలగమో కాదు. కేకలు విని నాటుపడవలతో పరుగెత్తి వచ్చిన సమీప గ్రామములలోని గిరిజనులు. పరీక్షలలో ఎన్నికయినవారు చేరునప్పటికి అంతయు ముగిసియుండెను. ఆ గిరిజన యువకులలో ఎందఱిని ఆ పిమ్మట పిలిచి, నీకు జలరక్షణ శిక్షణ యిచ్చెదము, కొలువిచ్చెదము అని అడిగియుందుమో పాఠకులే యూహింపగలరు. 2014 జూన్ 8న హైదరాబాదునుండి విహారయాత్రకు పోయిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు హిమాచలమున బియాస్ నదిలో కొట్టుకొనిపోయిరి. పైనున్న ఆనకట్టనుండి నీరు వదలిరి, హెచ్చరిక అందలేదు. ఆనాటి ప్రవాహమునకు ఈత వచ్చినవాడైనను తాళునో తాళడో. కాని నదిలోని రాతిమీద నిలుచుండి ఫొటోలు తీసికొనరాదనియు, ఎగువన ఆనకట్ట గల యేటిలో నీరు నిమిషములలో పెరుగుననియు బడిలో ఒక్కనాడు చెప్పియున్న ఉపాధ్యాయుడు వారిలో ఒక్కనికైనను లభించియున్నచో! దేశమున 2022లో నీట మునిగి చనిపోయినవారు 38 వేలకు పైగా ఉన్నట్లు జాతీయ నేర నమోదు సంస్థవారి లెక్క. ఇంతమందిని పొట్టన పెట్టుకొనుచున్న నీటిని గూర్చి మన పాఠశాలలు నేర్పునది దాని రసాయనిక సూత్రము మాత్రమే. ఊరికొక చెఱువును, కాలువయు ఉన్న డెల్టాలో ఈత రాని పదవ తరగతి విద్యార్థి ఉండుట మన విద్యాశాఖకు సిగ్గుగా తోచకపోవుట విచిత్రము.

అగ్నిని గూర్చియు అంతే. 2004 జూలై 16న కుంభకోణమున ఒక పాఠశాల వంటశాలలో పుట్టిన నిప్పు పూరికప్పులకంటి 94 మంది పసివాండ్రను దహించెను. దానిపై నడచిన అవినాశ్ మెహరోత్రా వ్యాజ్యమున 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, చదువుకొను హక్కులో సురక్షితమైన బడిలో చదువుకొను హక్కు ఇమిడియున్నదనియు, పాఠశాలలలో నిప్పునార్పు సాధనము లుండవలెననియు, ఉపాధ్యాయులకు వానిని వాడుట నేర్పవలెననియు ఆదేశించెను. సాధనములు వచ్చినవి. వరండాలో మేకునకు వ్రేలాడుచున్న ఆ ఎఱ్ఱ సిలిండరును చూడని విద్యార్థి ఇప్పుడు అరుదు. దానిని ముట్టినవాడు అంతకంటె అరుదు. తాకినచో పాడగునని దానిని అద్దాలపెట్టెలో పెట్టి తాళము వేసిన బడిని మేము కన్నులార చూచితిమి. తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని జేబులో నుండెను. ప్రధానోపాధ్యాయుడు జిల్లా కార్యాలయమున నుండెను.

బొంబాయి రేవులో 1944 ఏప్రిల్ 14న పేలిన ఓడను ఆర్పబోయి ప్రాణములిచ్చిన అగ్నిమాపకుల స్మృత్యర్థము ఏటేట ఏప్రిల్ 14 మొదలు వారము దినములు దేశమంతట ఉత్సవము జరుగుచుండును. మన ఫైరుస్టేషనులవారును బడులకు వచ్చి నీళ్లు చిమ్మి చూపుదురు, పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఏప్రిల్ నెలలో మన పిల్లలు పరీక్షలలోనో సెలవులకు సిద్ధపడుటలోనో ఉందురన్న సంగతి ఆ ఉత్సవము ఏర్పఱచినవారికి తట్టియుండదు. చూచుట వేఱు, చేయుట వేఱు. పొగ నిండిన గదిలో నేలకు తల వంచి ప్రాకవలెననియు, కాగిన నూనె అంటుకొన్నప్పుడు దానిపై నీళ్లు పోయరాదనియు చెప్పుటకు పది నిమిషములు చాలును. చేతులకు అలవాటగుటకు మాత్రము ఏడాదిలో పలుమాఱులు చేయవలెను.

ఆంబులెన్సు సంగతి చూతము. 108 అను సంఖ్యకు పిలిచినంతనే వచ్చు అత్యవసర వాహనము 2005 ఆగస్టు 15న హైదరాబాదున మొదలై దేశమునకు మేలుబంతి యయ్యెను. ఇది తెలుగువారు గర్వింపదగినదే. కాని గుండె నిలిచినవాని మెదడు ప్రాణవాయువు లేక నాలుగైదు నిమిషములకు మించి తాళజాలదు. ఎంత వేగముగ వచ్చినను ఆంబులెన్సు అంతలో రాదు. ఆ నడిమి నిమిషములలో ఱొమ్ము నడుమ అఱచేతులు మోపి, నిమిషమునకు నూఱునుండి నూటయిరువది మాఱులు, రెండంగుళముల లోతునకు అదుముచుండువాడే ప్రాణదాత. పదుమూడేండ్లు నిండిన పిల్లలకు ఇది చక్కగా నేర్పవచ్చును. రోడ్లపైన 2022లో 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర రవాణాశాఖ లెక్క తేల్చినది. గాయపడినవాని ముట్టిన కేసులో ఇఱుక్కొందుమను భయమున జనము చుట్టుమూగి చూచుచు నిలుచుట మనమెఱుగనిది కాదు. ఆ భయమునకు నేడు ఆధారము లేదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 134-ఏ విభాగము, మంచిమనసుతో సాయపడినవానిపై వ్యాజ్యము నడువకుండ కాపాడుచున్నది. అతడు ఇష్టపడనిచో పేరు చెప్పుమని గూడ నిర్బంధింపరాదు. ఈ యొక్క విభాగమును రాష్ట్రములోని ప్రతి తొమ్మిదవ తరగతిలోను చదివి వినిపించినచో ఏడాదిలో ఎన్ని ప్రాణములు దక్కునో!

ఇంతవఱకు ఏర్పాట్లే లేవనుట న్యాయము కాదు. జాతీయ సైనికశిక్షణ దళము, జనులు ఎన్‌సిసి యని పిలుచునది, 1948 నుండి నడచుచున్నది. అందు చేరిన బాలురు క్రమశిక్షణ నేర్చుచున్నారు. వారు కొద్దిమంది, వారికి నేర్పునది ప్రధానముగ సైనికవిద్య. కేరళము 2010లో విద్యార్థి పోలీసు క్యాడెట్ల పథకము నారంభించెను. దానిని చూచి కేంద్రప్రభుత్వము 2018 జూలై 21న దేశమంతటికి విస్తరింపజేసెను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు నెలకొక్క తరగతి. పుస్తకము లేదు, పరీక్ష లేదు. పరీక్ష లేకుండుట మంచిదే. నెలకొక్క తరగతి యనుట మాత్రము ఏకాదశినాటి పారణవంటిది. జాతీయ విద్యావిధానము 2020లో, 2025 నాటికి విద్యార్థులలో సగము మందికైనను వృత్తివిద్యతో పరిచయము కలుగవలెనని లక్ష్యము పెట్టెను. ఆ వృత్తివిద్యలలో ‘సెక్యూరిటీ’ యను పాఠ్యాంశము కూడ చేర్చబడినది. విని సంతోషించితిమి. పరిశీలింపగా అది విశేషముగ ప్రైవేటు కావలివానిని తయారుచేయు చదువని తేలినది. కావలిపని నీచమని మేమనము. కాని ప్రభుత్వ పాఠశాల బీదవాని బిడ్డకు ధనవంతుని గేటు కాయుట నేర్పి, ఊరిని కాయుట నేర్పక విడుచుట స్వరాజ్యమున జరుగదగిన పని కాదు.

మఱియొక జాగ్రత్త అవసరము. దీనిని దాచి చెప్పుట మా కిష్టము లేదు. విద్యార్థులను పోలీసు చేతికి అప్పగింపరాదు. క్యాడెట్లన్న పేరిట పిల్లలను మంత్రుల రాకకు రోడ్లప్రక్క ఎండలో నిలుపుట, ఊరేగింపులలో జెండాలు మోయించుట, అన్నిటికంటె ఘోరముగ, తోటిపిల్లల సంగతులు స్టేషనుకు చేరవేయించుట, ఇవి మొలకెత్తినచో మొదటికే మోసము వచ్చును. పరాయి ప్రభుత్వము మన విద్యార్థుల నడుమ వేగులను పెట్టిన దినములను ఈ దేశము మఱచిపోరాదు. కావున ఈ శిక్షణకు అధిపతి ప్రధానోపాధ్యాయుడు కావలెను. ఇన్‌స్పెక్టరు అతిథిగా రావలెను. ఫైరుస్టేషను అధికారి, 108లో పనిచేయు సాంకేతికుడు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు నర్సు, పడవ నడుపు సరంగు, ఊరి వకీలు, వీరందఱును అట్లే రావలెను. లాఠీ బడి ఆవరణలో కానరాకూడదు. కాపాడు విద్యలు అన్నియు నేర్చి, పదునెనిమిదేండ్లు నిండి, తానుగా ఆ కొలువును కోరుకొన్నవాని చేతికి లాఠీ ఎప్పుడిచ్చినను భయము లేదు.

బాలికలను వేఱుగ చెప్పవలసి వచ్చుటకు విచారించుచున్నాము. 2022 జనవరి 1 నాటికి దేశమందలి పోలీసు బలగములో స్త్రీలు నూటికి పండ్రెండుగురైనను లేరు. స్టేషనుకు వచ్చిన అబల తన బాధ పరపురుషునికి చెప్పుకొనవలసిన దురవస్థ దీని ఫలితమే. ఎనిమిదవ తరగతి దాటగానే ఆడపిల్లను మైదానమునుండి ఇంటికి పిలిచికొందుము. ఇరువదియవ యేట పరుగుపందెములో వెనుకబడినదని యందుము. ఈత నేర్పు వేళలు వారికి ప్రత్యేకముగ నుండవలెను, నేర్పువారు స్త్రీలు కావలెను. 1923లో పదునాలుగేండ్ల తెలుగు బాలికకు ద్వారము కాయు పని అప్పగించుటకు సందేహింపని పెద్దలు ఈ దేశమున ఉండిరన్నది గుఱుతుంచుకొన్నచో, నేటి సందేహములకు ఎంత విలువయో తెలియును.

మార్కులు తగ్గునని తలిదండ్రులు వెనుదీయవచ్చును. వారమునకు రెండు గంటలు చాలును. అవి కొత్తగా వెదుకవలసినవి కావు, దినచర్యపట్టికలో వ్యాయామమని వ్రాసి లెక్కలకు అప్పగించిన గంటలే. ఇవి నేర్చినవారందఱును పోలీసులో చేరరు, చేరనక్కఱలేదు. నూఱుగురిలో పదుగురు రక్షణవృత్తులలో ప్రవేశించినను తక్కిన తొంబదిమంది ఆపదలో చేతులు ముడుచుకొని నిలువరు. ఆ పదుగురును ఏ విధముగ వచ్చుచున్నారో ఎంపిక మండలివారు గమనింపవలెను. అయిదేండ్లు జలరక్షణయు ప్రథమచికిత్సయు అభ్యసించిన విద్యార్థికి ఎంపికలో కొంత ప్రాధాన్యమిచ్చినచో కోచింగు సెంటరు అరువులు తగ్గును. బడి మైదానమునకు గౌరవము పెరుగును.

డబ్బెక్కడిదందురా? మనము ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయపు పన్నును చెల్లించుచున్నాము; పాఠకులలో పెక్కుమంది ఈ పత్రికను చదువుచున్న పఠనమందిరము దానితోనే నడచుచున్నది. అక్షరమునకై పన్ను కట్టిన జాతి ప్రాణమునకై కట్టదా? పన్ను మాట యటుండగా, మొదట కావలసినది పన్నుకూడ కాదు. జాతీయ విపత్తు దళపు పదవ పటాలము ఆంధ్రదేశముననే నెలకొని యున్నది. ఫైరుస్టేషనులు పెక్కు నియోజకవర్గములలో కలవు. పురపాలక సంఘముల ఈతకొలనులు కొన్ని పట్టణములలో నాచుపట్టి మూతబడి యున్నవి.

2015 జూలై 14న రాజమహేంద్రవరమున పుష్కరములు మొదలైన ఉదయమే త్రొక్కిడిలో ఇరువది మందికి పైగా యాత్రికులు, అందు పలువురు వృద్ధ స్త్రీలు, నలిగి చనిపోయిరి. ఒక్క ఘట్టముననే జనమంతయు గుమిగూడుటయు, లోనికి పోవువారికిని వెలికి వచ్చువారికిని దారులు వేఱుచేయకుండుటయు నాటి దుర్ఘటనను గూర్చి అందఱును చెప్పుకొన్న మాటలే. గోదావరి పుష్కరములు మఱల 2027లో వచ్చును. ఇరుదరులయందలి ఉన్నత పాఠశాలల పదవ తరగతి, ఇంటర్మీడియెట్ విద్యార్థులలో తలిదండ్రుల అనుమతి గలవారిని ఏఱి, ఘట్టముల త్రోవలు ముందుగ నడిపించి, ముసలివారికి చేయందించుట, తప్పిపోయిన పిల్లలను గుడారమునకు చేర్చుట, సొమ్మసిల్లినవారిని ఎత్తిపట్టుట నేర్పవచ్చును. నీటిలోనికి దిగు పనియు, త్రొక్కిడి గల చోట్ల నిలుచు పనియు పెద్దలదే. ఇందుకు గోదావరి జిల్లాల విద్యాధికారులును, రెండు రాష్ట్రముల అగ్నిమాపక శాఖలును ఒక్కచోట కూర్చుండిన చాలును. ఏ ప్రధానోపాధ్యాయుడైనను ఈ ఉత్తరువు వచ్చువఱకు ఆగనక్కఱలేదు. ఈ సోమవారము వరండాలోని ఆ ఎఱ్ఱ సిలిండరును మేకునుండి దింపించి, ఫైరుస్టేషనునుండి ఒక మనుష్యుని పిలిపించి, తొమ్మిదవ తరగతివారి చేత ఒకరి తరువాత నొకరిచే దానిని వాడించవచ్చును. ఖాళీయైన దానిని మఱల నింపించుటకగు ఖర్చు ఆ ఊరి పఠనమందిరమువారు చందా వేసికొని ఇచ్చెదరని మేము నమ్ముచున్నాము.